గంట మోగని ఉదయం

తాడు లాగితే పెద్దగంట ఊగింది గానీ మోగలేదు. లోపల కొట్టుకుని మోగించే ఇనుప నాలుకను ఎవరో ఊడదీసుకుపోయారు.

ఆ కొండమీది గుడిలో ఫాదర్ గారి తరువాత అన్నీ చూసుకునేది ఉపదేశే.

ఫాదర్ గారు జ్వరంతో మంచం దిగలేదు. యాత్ర భారమంతా తన నెత్తిమీదే ఉంది. గంట మోగాలి, కొండెక్కిన జనమంతా గంట గోపురం కింద చేరి తలా ఒకసారి ఆ తాడు తాకాలి, ఆ తరువాతే మరియమాత దర్శనం. తాతల నాటి ఆచారం.

"ఒక్క ఏడాది గంట లేకపోతే మాత అలుగుతుందా బావా?" అన్నాడు గంట కొట్టే బావమరిది.

"మాత అలగదు. జనం నన్ను ఉతికి ఆరేస్తారు! నిన్న ఇటొచ్చిందెవరు?"

బావమరిది తల గోక్కున్నాడు.

వంటావిడ ఠక్కున అందుకుంది. "ఇంకెవరు, ఆ గొడుగాయన! చీకటిపడే వేళ గోపురం మెట్లమీద ఎవరితోనో గుసగుసలాడుతున్నాడు."

వానా ఎండా లేకపోయినా చంకలో గొడుగుతో తిరిగే ముసలాయన. నాలుగు రోజులుగా యాత్రికుల గదిలో ఉంటున్నాడు. ఎవరో, ఏమిటో ఎవరూ అడగలేదు.

ఉపదేశి నేరుగా అక్కడికే వెళ్లాడు.

"గంట నాలుక నువ్వు తీశావా?"

"లేదు బాబూ."

"తీసిందెవరో తెలుసా?"

ముసలాయన గొడుగు పిడి నిమురుతూ కూర్చున్నాడు.

"మెట్లమీద నీతో ఉన్నదెవరు?"

బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు.

"అయితే కొండ దిగు. మళ్లీ ఇటు రాకు."

ముసలాయన కోప్పడలేదు. గుడివైపు తిరిగి చేతులు జోడించి, గొడుగు సర్దుకుని దిగిపోయాడు. వెంట వచ్చిన బావమరిది నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి జనం వచ్చారు. గంట లేదనగానే సణుక్కుంటూ గోపురం దాటి తిన్నగా లోపలికి నడిచారు.

ఆ గుడికి వెనకగోడ లేదు, కొండే గోడ. మొదట అదొక గుహ. తరతరాల యాత్రికులు రాళ్లు మోసుకొచ్చి ముందుభాగం కట్టారు. గోపురం మాత్రం అన్నిటికన్నా చివర, కొండ ఆసరా లేకుండా, పోసిన మట్టి అంచున లేచింది.

పాట సగంలో ఉండగా బయట పిడుగు పడ్డట్టయింది.

ఉపదేశి పరుగెత్తాడు. గోపురం సగానికి కూలి, గంటతో సహా ముంగిట్లో పడి ఉంది. చంటిపిల్లలతో తల్లులు ఏటా నిలబడే చోటది.

లోపల తలలన్నీ లెక్కపెట్టించాడు. ఒక్కరికి గోరంత దెబ్బ లేదు.

ఉపదేశి అక్కడే కూలబడి, నవ్వుతూ ఏడ్చాడు.

"ఆ గంట మోగి ఉంటేనా! దాన్ని తీసినవాడు దొంగైనా సరే, కాళ్లకు మొక్కుతా. గొడుగాయన్ని పిలుచుకురండి!"

"ఆయన బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది," అంది వంటావిడ.

బావమరిది వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"తీసింది నేను బావా. గోపురం పగులుతోందని ఎన్నిసార్లు చెప్పినా నవ్వావు. పొద్దున ఒప్పుకుంటే, నాలుక మళ్లీ నా చేతే బిగింపించేవాడివి."

"మరి ఆ ముసలాయన ఎందుకు నోరు మూసుకున్నాడ్రా?"

"ఆయనా ఫాదరే బావా, నాకొక్కడికే చెప్పాడు. నిన్న మెట్లమీద ఆయన దగ్గరే నాలుక తీసిన తప్పు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాను, అందులో విన్నది ఏ ఫాదరూ ప్రాణం మీదికొచ్చినా బయటపెట్టకూడదు కదా."