నూటికి ఇరవై తొమ్మిది

"ఇరవై తొమ్మిదా? ఎంతకి?"

"వందకి నాన్నా."

ల్యాబ్ టెక్నీషియన్ కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు. పాతికేళ్లుగా ఆసుపత్రిలో రక్తం తీస్తున్న మనిషి. ఎంత సన్నటి నరమైనా ఆయన వేలికి తగలకుండా పోలేదు. ఆయన చేతిలో రెండోసారి సూది గుచ్చుకోవలసి వచ్చినవాళ్లు లేరు. అలాంటివాడికి సొంత కూతురు పెట్టిన పరీక్షలో ఇవా మార్కులు!

ఆ పరీక్షకి కారణం కూడా ఆయనే. మొన్న ఇంటికొస్తూనే ఎగిరిపడ్డాడు. "మా ఇన్‌ఛార్జి మేడం పిలిచి చివాట్లు పెట్టింది. నా మీద మూడో ఫిర్యాదట. మనుషుల్ని మనుషుల్లా చూడనట. ఇంకొక్కటి వస్తే కౌంటర్లోంచి తీసేసి లోపల మెషీన్ల గదిలో కూర్చోబెడుతుందట. నాకా ఎదుటివాళ్ల మనసు తెలియనిది? కావాలంటే పరీక్ష పెట్టుకోమను!"

సైకాలజీ చదువుతున్న కూతురు నిజంగానే పెట్టింది. ఎదుటివాళ్ల మనసు ఎంతవరకు తెలుస్తుందో కొలిచే కాగితం, నలభై ప్రశ్నలు, కాలేజీ నుంచి తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన ఈల వేసుకుంటూ పావుగంటలో రాసి పారేశాడు.

"'ఒక మనిషి మీ మాట వింటూ మాటిమాటికీ చొక్కా చెయ్యి సర్దుకుంటున్నాడు. అతనికి ఏమనిపిస్తోంది?' భయం! ఇదీ ఒక ప్రశ్నేనా?"

కూతురు కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్లింది. దిద్దుకుని వచ్చి చెప్పిన అంకె ఇది.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "పోనీ, ఇది పెంచుకోవచ్చా?"

"ఆరు వారాలు నేను చెప్పినట్టు వింటే పెరుగుతుంది. రోజుకి ముగ్గురు. వాళ్లకి ఎలా ఉందో అడగాలి. జవాబు పూర్తయ్యేదాకా వినాలి. అంతే."

"అడగడమెందుకే? మొహం చూస్తే తెలిసిపోదూ?"

"ఇరవై తొమ్మిది," అంది కూతురు.



మర్నాడు ల్యాబ్‌కి ఒక పెద్దావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయన సిరంజి పట్టుకుని, ఆవిడ మొహంలోకి వంగి, "మీకు భయంగా ఉంది. అవునా, కాదా?" అన్నాడు.

"ఇందాకటిదాకా లేదు నాయనా," అంటూ ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

సాయంత్రం ఇంట్లో రెండో ప్రయత్నం. "నీకు కోపంగా ఉందా?" అని భార్యని అడిగాడు.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఉంది. పెళ్లయిన మొదటేడాది నుంచీ ఉంది. ఇన్నాళ్లకి అడిగారా?"

జవాబు పూర్తయ్యేదాకా వినాలన్నది షరతు. పూర్తవడానికి గంటా పది నిమిషాలు పట్టింది. మధ్యలో మూడుసార్లు ఆయన నోరు తెరిచాడు, మూడుసార్లూ కూతురు కళ్లు పెద్దవి చేసింది. చివరికి ఆవిడే ఫక్కున నవ్వేసి, "అబ్బ, గుండెల మీంచి బండ దించినట్టుంది," అంది. మళ్లీ కూర కలపడానికి వెళ్తూ పాట కూడా అందుకుంది.

మూడో వారంలో వస్తాదులాంటి ఒకాయన వచ్చాడు. కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటూనే అతనికి చెమటలు పట్టేశాయి. మునుపైతే "ఇంత ఒళ్లు పెట్టుకుని సూదికి భయమేంటయ్యా? కదలకు!" అని కసిరేవాడు. ఇప్పుడు సిరంజి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎలా ఉంది మీకు?"

"చెప్తే నవ్వుతారు సార్."

"నవ్వను. చెప్పండి."

"మా అమ్మ ఇలాగే ఓసారి రక్తపరీక్షకని ఆసుపత్రికి వెళ్లింది. మళ్లీ ఇంటికి రాలేదు. ఈ కుర్చీ చూస్తేనే అదే గుర్తొస్తుంది."

టెక్నీషియన్ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "అమ్మ ఏం చేసేవారు?" అని అడిగాడు.

"బట్టలు కుట్టేది సార్. నా కొలతకి చొక్కా ఏ షాపులోనూ దొరకదు కదా! కొలతలు తీస్తూ, టేపు చాలడం లేదురా, ఇంకోటి కొనిపెట్టు అనేది..." చెబుతూ చెబుతూ అతను నవ్వాడు. కిందికి చూసేసరికి మోచేతి మడతలో దూది ఉంది. "అయిపోయిందా! ఎప్పుడు?"

"మీరు రెండో టేపు దగ్గరున్నప్పుడు."

ఇద్దరూ గట్టిగా నవ్వుకున్నారు. ఆ సాయంత్రం ఆయన కూతురి పక్కన కూర్చుని, "రోజుకి నలభై మంది చేతులు పట్టుకుంటాను. ఇన్నేళ్లూ నరాలే చూశానమ్మా," అన్నాడు.

ఆరో వారానికి జనం పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా ఈయన దగ్గరే వరస కడుతున్నారు. నాలుగో ఫిర్యాదు రాలేదు. ఇన్‌ఛార్జి మేడం మళ్లీ పిలిచింది. ఈసారి కుర్చీ చూపించి, "కొత్తగా చేరినవాళ్లకి మీరే నేర్పాలి. రక్తం తీయడం కాదు, మాట్లాడటం," అంది.

ఆదివారం రెండో పరీక్ష జరిగింది. అవే ప్రశ్నలు. ఈసారి ఈల లేదు. ఒక్కో ప్రశ్న రెండేసిసార్లు చదివి, గంటసేపు రాశాడు. కూతురు గదిలోకి వెళ్లి దిద్దుకొచ్చింది.

"ఎనభై మూడు!"

ఆయన చిన్నపిల్లాడిలా గెంతి భార్య రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పాడు. "యాభై నాలుగు మార్కులు పెరిగాయే! ఆ రెండు కాగితాలూ ఇటియ్యి తల్లీ, రేపు మేడంకి చూపిస్తాను."

"రెండోది చాలు నాన్నా," అంది కూతురు ఫైలు వెనక్కి దాచుకుంటూ.

"మొదటిది లేకపోతే ఎంత మారానో ఎలా తెలుస్తుంది?" నవ్వుతూనే ఫైలు లాక్కుని, మొదటి కాగితం బయటికి తీశాడు.

దాని మీద కూడా ఎనభై మూడే ఉంది.