అమావాస్య సాంబ్రాణి

సాంబ్రాణి, బోళం బంక చిన్న రోట్లో వేసి లోర్నా దంచుతోంది. ఎండిన లావెండర్, దాల్చిన చెక్క పొడి పక్కన సిద్ధంగా ఉన్నాయి.

"మళ్లీ మొదలెట్టావా?" గుమ్మంలోంచే అరిచింది పక్కింటి జెరాల్డిన్. "మా ఇంట్లో కర్టెన్లకు కూడా ఇదే కంపు."

"అమావాస్య కదా."

"పెళ్లిళ్లకు తప్ప చర్చి గడప తొక్కనిదానివి. ఆ గ్రీకు దేవత మీద ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది తల్లీ ఇంత భక్తి?"

భక్తీ లేదు, పాడూ లేదు. హెకటీ అనే పాతకాలపు దేవత మూడు దారులు కలిసేచోట తిరుగుతుందని, అమావాస్య సాయంత్రం ఆవిడకు విందు పెట్టాలని నమ్మింది కూతురు టెస్సా. ఈ రోలు టెస్సాది. పాళ్లూ టెస్సావే. అప్పట్లో లోర్నా ముక్కు మూసుకుని వేళాకోళం చేసేది.

జెరాల్డిన్ లోపలికొచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది. "రెండేళ్లయింది. ఇంకా ఆ గది అలాగే ఉంచావు. ఒక్కసారి కడుపారా ఏడవవే. బరువు దిగుతుంది."

లోర్నాకు ఏడుపు రాదు. లోపలెక్కడో మొద్దుబారిపోయింది. నాలుగు చుక్కల తేనె వేసి పొడి కలిపింది.

"పోనీ కొట్లో అగరొత్తులు దొరుకుతాయిగా?"

"ఒక నెల అదీ చేశాను. పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. చీమలు పట్టాయి."

జెరాల్డిన్ పకపకా నవ్వింది. "చెత్తబుట్టలు తిరగేసే రకూన్లు కూడా నీ సాంబ్రాణి మరిగాయన్నమాట! తినేది అవే కదే, పిచ్చిదానా."

"దేవతకు పెట్టింది ఎవరు తిన్నా ఆవిడ తిన్నట్టే. టెస్సా చెప్పేది."

లోర్నా పళ్లెం సర్దింది. ఉడికించిన గుడ్లు, వెల్లుల్లి రొట్టె, తేనె కేకు. గుడ్లకు పెంకు ఒలిచింది. రొట్టెకు గట్టి అంచులు కోసేసింది.

"ఏం, మీ దేవతకు పళ్లు లేవా?" ఉండబట్టలేక అడిగింది జెరాల్డిన్.

లోర్నా పళ్లెం మీద గుడ్డ కప్పింది.

యూజీన్ ఊరి చివర, ఏటి వంతెన దగ్గర మూడు దారులు కలుస్తాయి. పొద్దు వాలుతుండగా అక్కడ పళ్లెం దించింది. బొగ్గు రాజేసి ధూపం వేసింది. గాలి ఎటుందో చూసుకుని ఇంకో చిటికెడు వేసింది. పొగ ఏటివైపు దిగింది.

తిరిగి నడిచింది. విందు పెట్టాక వెనక్కి చూడకూడదు. పోయిన చలికాలం మనసాగక ఒకసారి చూసింది. ఆ తర్వాత మూడు అమావాస్యలు పళ్లెం ముట్టినవాళ్లు లేరు. ఆ మూడు నెలలూ లోర్నా ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికింది.

అందుకే ఇప్పుడు తల దించుకుని, తన బూట్లనే చూసుకుంటూ నడిచింది. వెనకాల రాళ్లు జారిన చప్పుడు. పొడి దగ్గు. పళ్లెం రోడ్డుకు రాసుకున్న మోత.

లోర్నా ఆగలేదు.

అమ్మ పంపిన దుప్పటిని ఏట్లోకి విసిరికొట్టిన టెస్సా, వంతెన కింది డేరాలోంచి పైకొచ్చి, దేవత పేరున పెట్టింది తింటోంది.