నిమ్మకాయ తొక్కని కారు

మూడు నెలలకి మా షోరూమ్‌లో ఒక్క కారు అమ్ముడైంది. డ్రైవరు లేకుండా వాటంతటవే నడిచే ఈ కొత్త బళ్లు మనుషుల మాట వినవని జనం వాటి జోలికే రావడం లేదు. ఈ బేరం కూడా చెడితే షోరూమ్ మూసేస్తానన్నాడు ఓనరు.

కొన్న భీమశంకరంగారు వాళ్లమ్మ సూరమ్మగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ కారుకి పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు.

"ఇక కదులు నాయనా," అన్నారు.

"అడ్డంకి ఉంది. కదలను," అంది కారు.

కంపెనీకి ఫోన్ చేసి బతిమాలాను. భద్రతా నియమం మార్చడం కుదరదంది అవతలి యంత్రం.

"కాయలు తీసేద్దామండీ," అన్నాను.

"తొక్కకపోతే నేనెక్కను. నిమ్మకాయ దగ్గరే మొండికేసిన బండి, రేపు అర్జెంటుగా ఆసుపత్రికి పోవాలంటే వింటుందా?"



ఆవిడ కాయలు ఏరి, తాము వచ్చిన పాత కారు చక్రాల కింద పెట్టించారు. పదిహేనేళ్ల ఆ డొక్కు బండి తల్లీకొడుకుల్ని ఎక్కించుకుని నాలుగింటినీ చితక్కొట్టి గేటు దాటిపోయింది.

వెనకనుంచి కొత్త కారు మర్యాదగా అడిగింది.

"అడ్డంకి తొలగింది. బయల్దేరదామా అండీ?"