తాడు రెండో కొస

కింద ఎవరో నవ్వారు.

తల్లి గిన్నెలు తోమడం ఆపి కిటికీలోంచి తొంగిచూసింది. నవ్వింది తన కూతురే.

ఈ దేశానికి వచ్చాక పాప నవ్వడం ఇదే మొదలు. మాట కూడా అంతంతమాత్రమే. ఏం తింటావంటే తల ఊపుతుంది. నిద్రొస్తోందా అంటే గోడవైపు తిరుగుతుంది.

మెట్ల కమ్మీకి తాడు ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని తిప్పుతోంది ఒక పెద్దావిడ. మధ్యలో పాప గెంతుతోంది. ఆవిడ కోటుకు ఎక్కడ చూసినా జేబులే.

తల్లికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తన దగ్గర పెదవి విప్పని పిల్ల, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర పళ్ళన్నీ బయటపెట్టింది. గబగబా మెట్లు దిగింది.

"తెలుగువాళ్ళేనా అమ్మా?" అంది జేబులావిడ, తాడు ఆపకుండానే. "మీ పాప ఒక్కతే మెట్లు లెక్కపెట్టుకుంటుంటే విన్నాను. ఎప్పుడొచ్చారు?"

"సెలవులు మొదలవగానే."

"అయ్యో. సెలవుల్లో ఎందుకు తీసుకొచ్చారమ్మా? బడి నడుస్తుండగా రావాల్సింది."

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ ముహూర్తం పెట్టింది తల్లే. ముందొచ్చి ఉద్యోగంలో చేరిన భర్త చలికాలంలోనే వచ్చెయ్యమన్నాడు. పిల్లతో పరీక్షలు రాయించి, కొత్త తరగతి మొదలయ్యేవేళకు అందరితోపాటే కూర్చోబెట్టాలని ఈమె పట్టుబట్టింది. అయినవాళ్ళంతా ఆ ముందుచూపును మెచ్చుకున్నారు కూడా.

"మధ్యలో వస్తే చదువు పాడవదూ?"

"చదువు ఎక్కడికి పోతుందమ్మా, నాలుగు రోజుల్లో అందుకుంటారు. మధ్యలో వచ్చిన పిల్లను తరగతంతా తిరిగి చూస్తుంది. పేరడుగుతారు, పక్కన చోటిస్తారు. సెలవుల్లో వచ్చిన పిల్లకు గోడలే దిక్కు. తీరా బడి తెరిచాక ఎవరి జట్టు వాళ్ళది. ఈ పిల్ల కొత్తదన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు."

తల్లి మొహం మాడ్చుకుని పైకి వచ్చేసింది.

ఆవిడ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పిలవని పేరంటం. పాప జడ ఊడితే ఒక జేబులోంచి రబ్బరు బ్యాండు తీస్తుంది. మోకాలు గీసుకుంటే ఇంకో జేబులోంచి పట్టీ, ముక్కు కారితే మరో జేబులోంచి రుమాలు. పనీపాటా లేని మనిషికి ఇన్ని పిల్లల సామాన్లెందుకని తల్లికి అనుమానం. మీరేం చేస్తుంటారని అడిగితే పోయేది. అడగలేదు.

ఒకరోజు పాప సగం అన్నంలో చెయ్యి కడిగేసుకుంది. "అమ్మమ్మొచ్చింది" అంటూ పరుగెత్తింది.

"ఎవరికెవరు అమ్మమ్మ?" అంటూ తల్లి కూడా వెనకే దిగింది.

తాడు తిరుగుతూనే ఉంది.

"మీకు పిల్లల్లేరా?" అని అడిగింది తల్లి.

జేబులావిడ తాడు ఆపింది. "లేరమ్మా."

"అందుకేనా మా పిల్ల వెంట పడ్డారు? ఇంకోసారి మీరు కనబడితే దీన్ని గడప దాటనివ్వను."

ఆవిడ కమ్మీకి కట్టిన ముడి విప్పబోయింది. ముడి బిగిసిపోయి రాలేదు. తాడు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం భర్త విని తల పట్టుకున్నాడు. "ఈ ఊళ్ళో మనల్ని పలకరించింది ఆవిడొక్కర్తే కదే."

"పలకరించింది పాపను. నన్ను కాదు."

అనేశాక ఆమెకే సిగ్గేసింది.

ఆ తర్వాత సెలవులు జీళ్ళపాకంలా సాగాయి. పాప మెట్లమీద కూర్చుని తాడు రెండో కొస చేతికి చుట్టుకునేది, విప్పేది, మళ్ళీ చుట్టుకునేది. ఓసారి తల్లి వెళ్ళి, "నేను తిప్పనా?" అంది. "వద్దులే" అంది పాప. ఆ ఇంట్లో ఇద్దరికీ ఒంటరితనమే. ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.

బడి తెరిచే రోజు పాప లేపకుండానే లేచింది. తనే జడ వేసుకుంది. తల్లి కంటే ముందే వీధి మలుపుకు చేరుకుంది. బడి బస్సు కనబడగానే మొహం విప్పారింది.

బస్సు తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. అతని వెనక సీటు ఖాళీ.

పాప వెనక్కి అడుగేసి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మ ఏదీ?"

"ఏ అమ్మమ్మ?"

"తాడు అమ్మమ్మ. మొదటిరోజు తనే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తానంది. బస్సులో ఒక్క మొహమైనా తెలిసుంటే ఏడుపు రాదంట."

తల్లి వచ్చీరాని ఆ దేశపు మాటల్లో డ్రైవరును అడిగింది. అతను చంటిపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పాడు.

"ఈ బస్సులో పిల్లల్ని చూసుకునేది ఆవిడే. సెలవుల్లో జీతం రాదు. అయినా కొత్తగా వచ్చిన పిల్లలెక్కడున్నారో వెతుక్కుంటూ పోయి ఆడిస్తుంటుంది. ఈసారి తనే అడిగి వేరే రూటుకు మారిపోయింది."

"ఎందుకు?"

డ్రైవరు పాపను చూశాడు, పాప పట్టుకున్న చేతిని చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"ఇక్కడెక్కే పాప వాళ్ళమ్మ, తనను చూస్తే పాపను బస్సెక్కనివ్వదేమోనని."