తలుపు వైరు

తలుపు వైరు మరిది చేతిలోనే ఉంది. దాన్ని పెట్టెకు తగిలిస్తే వదిన ఉద్యోగం పోతుందని అతని భయం. తగిలించకపోతే తన ఉద్యోగానికే ఎసరు.

ఆసుపత్రిలో మందులు దాచే చల్లగది అది. గుమ్మం పక్కన గోడకు చిన్న బీరువా, అందులో కొత్తగా బిగించిన పెట్టె. గదిలో చల్లదనం ఎంత, తేమ ఎంత, తలుపు ఎప్పుడు తెరుచుకుంది అన్నీ ఆ పెట్టె కనిపెట్టి ఆఫీసు కంప్యూటరుకు చెప్పాలి. వైర్లు తగిలించడానికి కంపెనీ అతన్ని పంపింది. గది చూసుకునేది వదిన. ఆర్నెల్లుగా అందులో ఇన్సులిన్ సీసాలు మాయమవుతున్నాయి. ఇంకొక్కటి తగ్గినా ఇంటికి పంపుతామని మొన్ననే ఆమెకు నోటీసు ఇచ్చారు.

ఇంట్లో అన్నకు షుగరు. రోజూ ఇన్సులిన్ పొడవాలి. ఫ్రిజ్జు తలుపులో అవే సీసాలు వరసగా ఉంటాయి. ఎక్కడివని మరిది ఏనాడూ అడగలేదు.

“ఏమయ్యా, అయిందా? పొద్దుటినుంచీ సాలీడులా గోడలు పట్టుకు పాకుతున్నావు,” అన్నాడు సూపరింటెండెంటు వెనకనుంచి.

“అయిపోవచ్చిందండి.”

అతను చల్లదనం సెన్సరును గుప్పిట్లో బిగించాడు. పెట్టె మీద అంకె ఆరు నుంచి ఎగబాకి ఇరవై దాటింది. వదిలేస్తే మెల్లగా దిగింది. తేమ సెన్సరు మీద నోటితో ఊదాడు. దాని అంకె కూడా కదిలింది. నెట్ కేబులు కొస టిక్కుమని కూర్చుంది. పచ్చ దీపం మిణుకుమంది.

“ఇంకోటి మిగిలిందే?”

“తలుపుదండి. ఎవరు తెరిచినా సరే, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది రాసి పెట్టుకుంటుంది. చెరపడానికి వీలుండదు.”

అప్పుడే వదిన ట్రే నిండా మందులు పెట్టుకుని గదిలోంచి బయటికి వచ్చింది. వార్డుకు పోతూ మరిదిని చూసి నవ్వింది.

“ఇంట్లో బల్బు మార్చవయ్యా అంటే మూడు నెలలు. ఇక్కడ చూడు, ఎంత చురుకో! ఇదిగో, ఆ తలుపుది మాత్రం గట్టిగా బిగించు. ఊడిందంటే నీకు రాత్రి అన్నం లేదు.”

మరిది పని ఆపి ఆమె వంక చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఈ మాట ఎందుకు? ఆ నవ్వు కూడా అతనికి అతికించుకున్న నవ్వులా కనిపించింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత వీపు అడ్డం పెట్టి, కత్తెరతో వైరు లోపలి తీగ ఒకటి పుటుక్కుమని తుంచాడు. ఇరవయ్యేళ్ళ పనిలో బాగున్న వైరు చెడగొట్టడం అదే మొదలు.

“సార్, ఈ తలుపు వైరు పలకడం లేదండి. లోపలెక్కడో తెగినట్టుంది. కొత్తది తేవాలంటే మళ్ళీ కంపెనీకి రాయాలి.”

సూపరింటెండెంటు వైరు వంక చూశాడు. ఆ తర్వాత అతని వంక చూశాడు.

“ఆవిడ మీ వదినట కదా?”

“అవునండి.”

“ఊఁ.” ఆయన గొంతు తగ్గించాడు. “పోనీలేవయ్యా. నాకూ అక్కచెల్లెళ్ళున్నారు. చల్లదనం తెలిస్తే చాలదూ మనకి? కాగితంలో మూడూ పనిచేస్తున్నాయని రాసెయ్. నేను సంతకం పెట్టేస్తాను. నువ్వూ నేనూ నోరు మెదపకపోతే మూడో కంటికి తెలియదు.”

మరిదికి ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. ఈ రోజుల్లో ఇలాంటి మనిషా అనుకున్నాడు. మూడు గళ్ళలోనూ టిక్కులు కొట్టాడు. సూపరింటెండెంటు సంతకం గీకి, గోడ బీరువా మూసి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఖాళీ ట్రేతో వదిన తిరిగొచ్చేసరికి అతను సామాను సంచిలో సర్దుతున్నాడు.

“అయిందా? ఏదీ, తలుపు తీసి చూడనా? టింగుమంటుందా?”

“వదినా, ఇలా రా.” అతను అటూ ఇటూ చూశాడు. “నీకేం భయం లేదు. తలుపుది తగిలించలేదు. సారు కూడా సరేనన్నారు. బయటికి పొక్కదు. కానీ నీకు దణ్ణం పెడతాను, ఇకనైనా మానెయ్.”

“ఏం మానెయ్యాలి?”

అతను నేల చూపులు చూశాడు. “అన్నయ్య మందు ఎలాగోలా నేను కొంటాను. నువ్వు ఇక్కణ్ణుంచి తేవద్దు.”

వదిన చేతిలో ట్రే పక్కకి ఒరిగింది. ఆమె కోప్పడలేదు. అక్కడున్న మందుల అట్టపెట్టె మీద కూలబడింది.

“ఒక్క ఇంట్లో ఉంటూ, రోజూ నీ కంచం కడిగి పెడుతుంటే, నన్ను ఇలా అనుకున్నావా? ఆ సీసాలు నెలనెలా నా జీతంతో కొంటున్నవి.”

“వదినా...”

“ఆ వైరు మళ్ళీ తగిలించగలవా?”

“బీరువా తాళం సారు దగ్గరుంది. కాగితం మీద సంతకం కూడా అయిపోయింది.”

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఈ గదికి రెండు తాళం చెవులున్నాయి. ఒకటి నా దగ్గర. ఇంకోటి ఎవరి దగ్గరుందో ఎప్పుడైనా అడిగావా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“ఆ తలుపుకి కాపలా యంత్రం పెట్టించండి మహాప్రభో అని ఆర్నెల్లుగా అర్జీల మీద అర్జీలు పెట్టి, చివరికి పై ఆఫీసుకు రాసి దీన్ని తెప్పించింది నేను, వచ్చిన అర్జీ వచ్చినట్టు చింపి పారేసింది, ఇప్పుడు నీకు సంతకం పెట్టి వెళ్ళాడే, ఆ మహానుభావుడు.”