నిరుటి పేపరు

నవంబరు 14. రేషను వరుసలో రెండు గంటలు, బట్టలు రెండు బకెట్లు, చిరిగిన చొక్కాలకు అతుకులు మూడు, మామయ్యగారికి పేపరు చదవడం అరగంట.

ధర రెట్టింపు కాగానే పేపరు మాన్పించాను. మామయ్యగారికి చూపు ఆనదు కాబట్టి, అటక మీది నిరుటి కట్ట దించి తేదీకి తేదీ సరిచూసి రోజుకొకటి చదువుతున్నాను. యుద్ధం వార్తలు ఎలాగూ ఒకేలా ఉంటాయి.

ఆయన తృప్తిగానే వింటారు. "లీటరు కిరోసిను పన్నెండేనా? నయమే," అంటారు. "ఆ సినిమా ఇంకా ఆడుతోందా? జనానికి పనీపాటా లేదు," అంటారు. ఆ హాలు ఇప్పుడు గోధుమల గోడౌను.

ఇవాళ మొదటి పేజీ కాగానే మూడో పేజీ అందుకున్నాను.

"రెండో పేజీ ఎగ్గొట్టావేం?"

"అన్నీ ప్రకటనలే మామయ్యగారూ."

"కాదమ్మా. చనిపోయినవాళ్ల జాబితా. మూడో పేరు మనవాడిది."

మనవాడంటే ఆయన చిన్నకొడుకు, మా మరిది. పేపరు మడిచేశాను.

"పాతవని మీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. పొయ్యి దగ్గర కిరోసినువాణ్ని నువ్వు తిట్టే తిట్లు నాకు వినపడవనుకున్నావా? వాడు ముప్పై అంటున్నాడు."

"మరి అడగలేదేం?"

"ఎందుకడుగుతాను? ఈ పేపర్లలో వాడు నిన్నటిదాకా బతికే ఉన్నాడు."

నా చేతిలోని పేపరు మడత తడిమి, "రేపట్నుంచి తేదీలు చూడకు. మళ్లీ మొదటి పేపరు నుంచి మొదలుపెట్టు," అన్నారు.

కట్ట కోసం పాత కాగితాలవాడు ముందే ఇచ్చిన ఆరు రూపాయలు సాయంత్రం తిరిగి ఇచ్చేశాను. బాకీ లేదు.