తలుపు రాసుకోని మాట

ఇళ్ళలో తలుపూ, పొయ్యీ, ఫ్రిజ్జూ తాము చూసిందీ విన్నదీ అంతా క్లౌడ్‌లో లాగ్‌గా, అంటే చిట్టాగా, రాసుకునే రోజులవి. ఆ లాగ్‌లను కుదించి సులువు చేయడమే సుభాషిణి ఉద్యోగం. ఆఫీసులో అందరూ మెచ్చుకున్న తను జావాస్క్రిప్ట్ కోడ్‌లో రాసిన నియమాన్నే ఇంటికీ పెట్టింది: రోజూ జరిగేది రాయొద్దు, తప్పు జరిగితేనే రాయి. చెత్త ఎందుకని పాతవీ తుడిచేసింది.

తనతోనే ఉండే అక్క హైమవతి పోయిన పదిహేనో రోజున, అక్క కూతురు ప్రణవి అడిగింది.

"పిన్నీ, బయటికెళ్ళేటప్పుడు అమ్మ తలుపు దగ్గర 'వెళ్ళొస్తానే' అనేది కదా. ఒక్కసారి వినిపించవా?"

తొమ్మిదేళ్ళ లాగ్ తెరిస్తే ఒక్క పేజీ కూడా నిండలేదు. పాలు పొంగిపోయాయి. పొయ్యి ఆర్పలేదు. తాళం వేయడం మరిచారు. మళ్ళీ పాలు పొంగిపోయాయి.

"అమ్మ చేసినవన్నీ ఇవేనా పిన్నీ?"

"కాదే. మీ అమ్మ రోజూ..." సుభాషిణి లాగ్‌ను మళ్ళీ మొదటికి జరిపింది.

ప్రణవి చెప్పులేసుకుంది. గడప దాటుతూ, అచ్చం వాళ్ళమ్మలాగే, "వెళ్ళొస్తా పిన్నీ" అంది.

సుభాషిణి ఆత్రంగా తెర వైపు చూసింది. తలుపు ఏమీ రాసుకోలేదు. తప్పేమీ జరగలేదు మరి.